చక్రానికి పట్టు - నేలను బట్టి టైరు

మృగశిర కార్తె వెళ్ళి ఆరుద్ర వచ్చిందనుకోండి. కాలువకు నీరు వదిలారు. వూళ్ళో ట్రాక్టర్లన్నీ దమ్ములో వున్నాయి. మీ మడి మూలలో మీ ట్రాక్టరు వెనకచక్రం ఒకటి వట్టినే తిరుగుతూ, బురద చిమ్ముతూ, ఇరుసు దాకా దిగబడిపోయింది. డ్రైవరు ఇంకాస్త రేజు చేస్తాడు. అది ఇంకాస్త దిగుతుంది. గట్టుమీద చేరిన నలుగురూ నాలుగు మాటలంటారు. "ఇంజను పాతబడిందండీ" అని ఒకరు, "ఇంకో పది గుర్రాల బండి కొనవలసింది" అని ఇంకొకరు.

ఇంజనులో లోపమేమీ లేదు. చక్రం తిరుగుతూనే వుంది గదా! శక్తి చక్రం దాకా వచ్చింది. చక్రం నుంచి నేలకు అందలేదు, అంతే. ఆ అందడాన్నే మనం పట్టు అంటున్నాం. లక్షలు పోసి కొన్న ట్రాక్టరు పని అంతా చివరికి నేలను తాకే ఆ రెండు మూడు జానల రబ్బరుమీద ఆధారపడి వుంటుంది. అందుచేత యీ వేళ టైర్లను గురించి, నేలనుబట్టి వాటిని ఎంచుకోవడం గురించి కొంచెం సావకాశంగా చెప్పుకుందాం.

ఎద్దుల సేద్యం ఎరిగినవారికి యీ సంగతి కొత్తది కాదు. తారురోడ్డుమీద బండి లాగే ఎద్దుకు లాడాలు కొట్టించేవాళ్ళం. దమ్ములో తొక్కే దున్నపోతుకు ఎవరూ కొట్టించలేదు. దాని గిట్ట చీలి, వెడల్పై, బురదలో దిగి అడుగున గట్టినేలను పట్టుకొనేది. పైకి తీసేటప్పుడు ముడుచుకొని సులువుగా వచ్చేది. టైరు కూడా గిట్టే. ఒకే గిట్టతో దమ్మూ, మెట్టదుక్కీ, చెరకు తోలకమూ అన్నీ ఒక్క తీరుగా సాగవు. ఒకటి బాగా చేసే టైరు మరొకటి అంత బాగా చేయదు. మీ బండి ఏడాదిలో ఎక్కువ గంటలు ఏ నేలమీద తిరుగుతుందో ముందు లెక్క వేసుకోండి. టైరు కొనడానికి మొదటి మెట్టు అదే. దుకాణానికి వెళ్ళటం ఆ తరవాత సంగతి.

ఇప్పుడు వెనకటైరు దగ్గర కూర్చొని చూడండి. దానిమీద ఏటవాలుగా లేచిన రబ్బరు గట్లుంటాయి. వాటిని కంపెనీలవారు లగ్గులంటారు. మనం పళ్ళు అనుకుందాం. పన్ను మట్టిలో దిగుతుంది. చక్రం తిరిగేటప్పుడు రెండు పళ్ళ మధ్య ఇరుక్కున్న మట్టిని వెనక్కు నెడుతుంది. ఆ మట్టి గట్టిగా నిలబడితే బండి ముందుకు పోతుంది. మట్టి తెగిపోతే చక్రం వట్టినే తిరుగుతుంది. కాబట్టి పట్టు సగం టైరుది, సగం మట్టిది. మట్టి మెత్తనైన చోట పన్ను ఎంత కొత్తదైనా ఏం లాభం? అడుగున గట్టిపొర దొరికేదాకా దిగగలిగితేనే దానికి పని.

ఆ పళ్ళు ఏ దిక్కుకు వున్నాయో కూడా చూడాలి. ట్రాక్టరు వెనక నిలబడి చూస్తే అవి తాటాకు పాక కప్పులాగా, మొన పైకి వుండాలి. అట్లా వుంటే మధ్య భాగం ముందు నేలను తాకి, మట్టిని పక్కలకు తోసేస్తుంది. టైరు తనను తానే శుభ్రం చేసుకుంటుంది. తిరగబడితే మట్టి మధ్యలోకి చేరి కూరుకుంటుంది. పంక్చరు వేయించినప్పుడు రిమ్ములు కుడి ఎడమలు మార్చి బిగించిన బళ్ళు నేను చాలానే చూశాను. ఆ రైతులు సీజనంతా "యీ టైర్లు బురదలో పనికిరావు" అని కంపెనీని తిట్టుకుంటూ వుండేవారు. టైరు పక్కగోడమీద బాణంగుర్తు వుంటుంది. ట్రాక్టరు ముందుకు వెళ్ళేటప్పుడు చక్రం ఆ బాణం చూపిన వైపే తిరగాలి.

పక్కగోడమీద అంకెలు కూడా వుంటాయి. 13.6-28 అని వుంటే 13.6 టైరు వెడల్పు, 28 రిమ్ము అడ్డుకొలత, రెండూ అంగుళాల్లో. ఆర్-1 అని వుంటే మామూలు వ్యవసాయపు పళ్ళు. ఆర్-2 అని వుంటే వరిమడికీ, చెరకుతోటకూ చేసిన లోతు పళ్ళు. ఇవి ఆర్-1 పళ్ళకు దాదాపు రెట్టింపు లోతు వుంటాయి. ఏ6 అంటే గంటకు 30 కిలోమీటర్లు, ఏ8 అంటే 40 కిలోమీటర్లు మించి ఆ టైరును తోలరాదని. యీ చివరి గుర్తును ఎవరూ చదవరు. చెరకు ట్రాలీ కట్టుకొని ఫ్యాక్టరీకి పరుగెత్తేవారు మాత్రం తప్పక చదవాలి.

ఇక నేలల సంగతికి వద్దాం.

ముందు దమ్ము. తెలంగాణాలో కరిగెట అనేది కూడా ఇదే. ఇక్కడ పైనున్న బురదకు బలం లేదు. ఏళ్ళ తరబడి దమ్ము చేయగా ఒక జానెడు లోతున ఏర్పడ్డ గట్టిపొర మీదనే బండి నిలుస్తుంది. లోతు పళ్ళ టైరు ఆ పొరను అందుకుంటుంది. అది లేనివారు మామూలు టైరు పక్కన ఇనుప దమ్ముచక్రం బిగించుకుంటారు. ఆ చక్రం బరువును వెడల్పుగా పరచి బండిని దిగనివ్వదు. దాని పట్టీలు తెడ్లలాగా బురదను నెడతాయి. సొంత మడి పది ఎకరాలే వుండి మిగతా కాలమంతా మెట్టలోనూ, రోడ్డుమీదా తిరిగే బండికి నా సలహా మామూలు టైరూ, దమ్ముచక్రాలూను. సీజనంతా అద్దెకు దమ్ములే చేసే బండికి లోతు పళ్ళు పెట్టండి. అవి రోడ్డెక్కితే మాత్రం బండి గడగడలాడుతుంది, పళ్ళు చూస్తూ వుండగానే అరిగిపోతాయి. దమ్ముచక్రాలతో తారురోడ్డు ఎక్కడం అసలు కూడదు. వూరంతా కలిసి పదేళ్ళు అడిగి వేయించుకున్న రోడ్డు ఒక్క సీజనులో గాట్లు పడిపోతుంది, జరిమానాలూ వేస్తున్నారు. గట్టుదగ్గరే విప్పి ట్రాలీలో వేసుకు వెళ్ళండి.

రోటవేటరుతో దమ్ము చేసేవారికి ఒక అనుకూలం వుంది. దాని కత్తులు ముందుకే తిరుగుతూ మట్టిని వెనక్కు తన్నుతాయి గనుక బండిని కొంత ముందుకు నెడతాయి. నాగలి కట్టినప్పుడు లాగినంతగా ఇక్కడ చక్రాలు లాగనక్కరలేదు. అందుచేతనే నాగలితో దిగబడిన మడిలో రోటవేటరుతో బండి సాగిపోతుంది. అయితే దాన్ని పైకెత్తి మూలలో మలుపు తిప్పేటప్పుడు ఆ సాయం పోతుంది. బళ్ళు మూలల్లోనే దిగబడడానికి ఒక కారణం ఇదే.

తరవాత నల్లరేగడి. నంద్యాలవైపు రైతుకు నేను చెప్పేదేముంది! ఎండితే రాయి, తడిస్తే బంక. యీ నేలలో టైరు ఎంపికకంటె అదును ఎంపిక ముఖ్యం. వాన వెలిసిన మర్నాడే దుక్కికి దిగితే పళ్ళ సందులన్నీ బంకమట్టితో నిండి టైరు నున్నని రోలు అవుతుంది. అప్పుడు కొత్త టైరూ పాత టైరూ ఒక్కటే. రేగడికి పళ్ళు మరీ ఒత్తుగా వుండకూడదు. సందులు వెడల్పుగా వుంటే మట్టి రాలిపోతుంది. ఇంకొక మాట. తడి రేగడిలో బండి ఎట్లాగో సాగిపోయిందని సంతోషించకండి. చక్రం నడిచినమేర అడుగున మట్టి అణగి పెంకులాగా గట్టిపడుతుంది. తరవాత ఆ చాలులో శనగ వేరు దిగక మొక్క గిడసబారుతుంది. టైరు జాడవెంట పైరు పొట్టిగా వుండటం మీరూ చూసే వుంటారు.

వరికోత మిషన్లలో కూడా ఇదే సూత్రం. ఆరిన మడికి టైర్ల మిషను, తడి మడికి చైను మిషను పిలుస్తాం. చైను వెడల్పుగా పరచుకొని బరువును ఎక్కువ చోటుకు పంచుతుంది గనుక దిగబడదు. గంటకు అద్దె ఎక్కువైనా తడిమడిలో అది చవకే. వెనక మినుము చల్లేవారికి మరీను.

ఎర్ర చల్కల్లో, దుబ్బల్లో, ఇసుకపర్రల్లో కష్టం వేరు. ఇక్కడ మట్టి అంటుకోదు, జారిపోతుంది. లోతు పన్ను ఇసుకను తవ్విపోస్తుందే గాని పట్టుకోదు. కావలసింది నేలమీద వెడల్పుగా పరచుకొనే టైరు, కొంచెం తక్కువ గాలి. మామూలు పళ్ళ టైరు చాలు. రాళ్ళున్న చల్కల్లో పక్కగోడ కోసుకుపోకుండా ప్లై లెక్క ఎక్కువున్న టైరు తీసుకోండి.

గాలి అంటే జ్ఞాపకం వచ్చింది. మొదట్లో ట్రాక్టర్లన్నీ ఇనుప చక్రాలతోనే నడిచేవి. 1932లో అమెరికాలో అల్లిస్ చామర్స్ కంపెనీవారు విమానాలకు వాడే టైర్లను ఒక ట్రాక్టరుకు బిగించి పొలంలో నడిపి చూశారు. రబ్బరు చక్రం మట్టిలో ఏం లాగుతుందని నవ్వినవాళ్ళే తరవాత కొనుక్కున్నారు. అందులో వున్న కిటుకు తక్కువ గాలి. తక్కువ గాలితో టైరు నేలమీద చదునుగా పరచుకొని ఎక్కువ పళ్ళు ఒక్కసారే మట్టిని కరుస్తాయి. నేటికీ కిటుకు అదే, మనం పాటించంగాని! పంక్చరు షాపులో లారీకి కొట్టినట్టు రాయిలాగా గాలి కొట్టించుకొని నేరుగా మడిలో దిగుతాం. మనవైపు మామూలు ట్రాక్టర్లకు పొలంపనిలో వెనకటైరుకు చదరపు అంగుళానికి 12 నుంచి 16 పౌండ్లు, ముందుటైరుకు 24 నుంచి 30 పౌండ్లు సాధారణంగా సరిపోతుంది. మీ బండితో ఇచ్చిన పుస్తకంలో మీ సైజుకు ఎంతని వ్రాశారో అదే ప్రమాణం. ట్రాలీ కట్టి రోడ్డెక్కే రోజున అందులో చెప్పినంత పెంచాలి. తక్కువ గాలితో బరువు లాగితే పక్కగోడలు మడతలుపడి వేడెక్కుతాయి. టైరు రిమ్ముమీద జారి ట్యూబు వాల్వును తెంపేస్తుంది. వంద రెండువందల రూపాయల గాలికొలత పరికరం ఒకటి టూలుపెట్టెలో పడేసుకోండి. కాలితో తన్ని చూసి గాలి చెప్పే విద్య ట్రాక్టరు టైరు దగ్గర పనిచేయదు.

పట్టు పెంచడానికి ఇంకొక ఉపాయం బరువు. టైర్లలో నీళ్ళు నింపడం మీలో చాలామంది చేస్తున్నదే. వాల్వు పైకి వచ్చేటట్టు చక్రాన్ని నిలిపి, వాల్వు మట్టానికి నీరు పోస్తే ట్యూబు ముప్పాతిక నిండుతుంది. 13.6-28 టైరు ఒక్కొక్కటి 150 లీటర్లకు అటూ ఇటూగా పడుతుంది, అంటే చక్రానికి 150 కిలోల బరువు చేరిందన్నమాట. గట్టి మెట్టనేలలో రెక్కనాగలి లాగేటప్పుడు యీ బరువు చాలా మేలు చేస్తుంది. దమ్ములోకి మాత్రం ఇదే బరువు శత్రువు. మెట్టదుక్కికి నింపిన నీళ్ళు తీయకుండా దమ్ముకు దిగి, పట్టు పెరిగిందనుకుంటూ దిగబడినవారు వున్నారు. ఎప్పుడు నింపాలో తెలిసినంతమందికి ఎప్పుడు తీసెయ్యాలో తెలియదు.

మరి పట్టు చాలిందో లేదో తెలిసేదెట్లా? కొలుచుకోవచ్చు. వెనకటైరుమీద సున్నంతో ఒక గీత గీయండి. పనిముట్టు పైకెత్తి, అదే పొలంలో, అదే గేరులో చక్రం 10 చుట్లు తిరిగేదాకా నడిపి ఎంత దూరం పోయిందో కొలవండి. 40 మీటర్లు వచ్చిందనుకుందాం. ఇప్పుడు నాగలి దించి దున్నుతూ మళ్ళీ 10 చుట్లు. యీసారి 34 మీటర్లే వచ్చింది. 6 మీటర్లు పోయింది, అంటే నూటికి 15 వంతుల జారుడు. దుక్కిలో నూటికి 10 నుంచి 15 వరకూ జారుడు వుండటం సరియైనదే. 28 మీటర్లే వస్తే జారుడు 30. చక్రానికి అందిన శక్తిలో పదిపాళ్ళకు మూడుపాళ్ళు మట్టిని నలపడానికీ, రబ్బరు అరగడానికీ పోతున్నదన్నమాట. ఆ మూడుపాళ్ళకూ డీజిలు డబ్బు మీరే ఇస్తున్నారు. జారుడు 5 కూడా లేకపోతే అదీ మంచిది కాదు. బండిమీద అనవసరపు బరువు మోస్తున్నారు.

టేపు పట్టుకొనే ఓపిక లేకపోతే టైరు జాడను చూడండి. పళ్ళ అచ్చు ఎక్కడా చెదరక అచ్చుపోసినట్టు పడితే బరువు ఎక్కువైంది. అచ్చు పూర్తిగా నలిగి చెరిగిపోతే జారుడు ఎక్కువైంది. మధ్యలో అచ్చు కనబడుతూ, పళ్ళ సందుల్లో మట్టి కొంచెం కదిలినట్టుంటే సరిగా వుంది.

నాలుగు చక్రాలూ లాగే ట్రాక్టర్లు ఇప్పుడు వూళ్ళలోకి బాగానే వచ్చాయి. వాటికి ముందూ వెనకా టైర్ల సైజులు లెక్కకట్టి పెట్టి వుంటారు. చవకగా దొరికిందని వేరే సైజు ముందుటైరు వేస్తే రెండు ఇరుసులూ ఒకదానితో ఒకటి పోట్లాడుకొని గేర్లు చెడతాయి. తారురోడ్డుమీద ముందు డ్రైవు తీసెయ్యాలి.

రోడ్డంటే ట్రాలీ సంగతి చెప్పాలి. పొలంలో కరిచే ఆ పళ్ళు తారుమీద నేలకు ఆనేది చాలా కొంచెం చోటు. వాన పడిన రోడ్డుమీద అది ఇంకా తగ్గుతుంది. మీ ఇంట్లో కారు వుంటే దాని టైరు చూడండి. నీటిని పక్కలకు పంపే సన్నని కాలువలుంటాయి. ఆ కాలువల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చాలని చట్టమే చెబుతున్నది. కాలువ అడుగున చిన్న దిమ్మె వుంటుంది. రబ్బరు దాని మట్టానికి అరిగిందంటే గడువు తీరినట్లే. ట్రాక్టరు టైరుకు ఆ కాలువలు లేవు. పైగా వెనక ధాన్యంతోనో, చెరకుతోనో ట్రాలీ. చాలా ట్రాలీలకు బ్రేకులే వుండవు. పల్లంలో బ్రేకు తొక్కితే ట్రాక్టరు ఆగాలని చూస్తుంది, ట్రాలీ ఆగదు. వెనకనుంచి తోసి బండిని అడ్డం తిప్పుతుంది. అందుచేత పల్లం రాకముందే చిన్న గేరు వేసుకోండి. రెండు బ్రేకు పెడళ్ళనూ కలిపే కొక్కెం రోడ్డెక్కేముందు తప్పక వేయండి. అది వేయకపోతే ఒక చక్రానికే బ్రేకు పడి బండి గిర్రున తిరుగుతుంది. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర పొలంపనికి వెళ్ళే కూలీలతో ట్రాలీ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆడవారు. ట్రాలీ సరుకుకు చేసింది. నాట్లకు మనుషులను తీసుకురావాలంటే ఆటో మాట్లాడుకోండి, ఆ ఖర్చు చూసుకోవద్దు.

పాత టైర్లు కొనేవారు ఒకటి చూసుకోవాలి. పక్కగోడమీద నాలుగంకెల గుర్తు వుంటుంది. 2319 అని వుంటే 2019లో 23వ వారంలో తయారైందని. పళ్ళు బాగానే వున్నా పక్కగోడలో సన్నని బీటలు కనబడితే రబ్బరు చచ్చిపోయింది. వద్దనండి. ఒకే ఇరుసుమీద ఒక కొత్తది, ఒక అరిగినది వేస్తే మెత్తనిచోట అరిగినదే ముందు జారుతుంది.

ఇప్పుడు మొదట మూలలో వదిలివచ్చిన ఆ ట్రాక్టరు దగ్గరకు పోదాం. ఇంకా దిగబడే వుంది. అక్కడ మనవాళ్ళు చేసే పని ఒకటుంది. ఒక దుంగ తెచ్చి వెనకచక్రాలకు అడ్డంగా తాడుతో కట్టి, గేరువేసి క్లచ్చి వదులుతారు. కొన్నిసార్లు బండి పైకి వస్తుంది. మరి రానప్పుడో? దుంగ మట్టిలో తన్నుకొని చక్రం తిరగలేదు. ఇంజను ఆగదు. తిరగలేని చక్రం బదులు బండి ముందుభాగమే ఇరుసు చుట్టూ పైకి లేస్తుంది, లేచి డ్రైవరుమీద వెనక్కు పడుతుంది. ఇదంతా రెండు క్షణాల్లో అయిపోతుంది. కాలు తీసి క్లచ్చిమీద వేసే వ్యవధి వుండదు. మీ కొడుకైనా, జీతానికున్న కుర్రాడైనా ఆ సీటుమీద కూర్చున్నవాడు బురదకిందికే పోతాడు. దుంగ కట్టవద్దు. ఎవరు చెప్పినా, ఎంత తొందరవున్నా కట్టవద్దు.

చక్రం వట్టినే తిరగడం మొదలైన క్షణానే ఆపండి. రోటవేటరుకు పోయే డ్రైవు తీసివేయండి. ఒక చక్రమే తిరుగుతూ రెండోది నిలిచివుంటే, బండి ఆపి, డిఫరెన్షియల్ లాకు వేసి, రెండూ కలిసి తిరిగేటట్టు చేసి నిదానంగా కదపండి. లాకు వేసి మలుపు తిప్పకూడదు. గట్టినేలకు రాగానే వదిలేయాలి. దానితో కదలకపోతే చక్రాల వెనక మట్టి తవ్వి, గడ్డో, రొట్టో, తాటాకులో పరచి, వెనకగేరులో రండి. వెనక్కు వచ్చేటప్పుడు ముందుభాగం లేవదు. అదీ కుదరకపోతే ఇంకొక ట్రాక్టరును గట్టినేలమీద నిలిపి పొడవైన గట్టితాడుతో లాగించండి. తాడు లాగే బండి అడుగున వున్న డ్రాబారుకే కట్టాలి. పైన వుండే లింకుకు కడితే లాగే బండే లేచిపడుతుంది. తాడు బిగిసినప్పుడు పిల్లలనూ, చూడవచ్చినవారినీ తాడుకు రెండింతల దూరం పంపేయండి. తెగిన తాడు కొరడాలాగా వస్తుంది.

బండి పైకి వచ్చాక వెంటనే రోడ్డెక్కించకండి. గట్టుమీద నిలిపి ఒక పారతోనో, కర్రతోనో పళ్ళ సందుల్లో మట్టి గీకండి. పది నిమిషాల పని. ఆ బురద తారుమీద ముద్దలుగా రాలి, చినుకు పడితే సబ్బులాగా అవుతుంది. సందెవేళ ఆ దారినే మోటారుసైకిలుమీద వచ్చేవారికి అది కనబడదు.